ఆకు విన్న మాట

"ఆకు వింటుంది" అనేవాడు పొన్నాడ మల్లాచారి. గంటం తాటాకు మీద ఉన్నంతసేపూ, రాస్తున్న పద్యం తప్ప వేరే మాట నోటి వెంట రాకూడదన్నది వాళ్ళింటి కట్టుబాటు. పక్కవాడితో కబుర్లలో పడితే అక్షరం వంకర పోతుంది గనక, కుర్రకారుని భయపెట్టడానికి పెద్దలు అల్లిన మాట అది అనుకునేది ఆయన కూతురు కామాక్షి. నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా అలాగే అనుకుంది. చైత్రమాసంలో ఒక సోమవారం పొద్దున, మిక్సీ కంటే కాస్త పెద్దదిగా ఉన్న ఒక పెట్టె ఆ మాట నిజమని తేల్చింది.

కృష్ణ ఒడ్డున గుట్ట మీద కట్టిన ఆ విశ్వవిద్యాలయంలో ప్రాచీన విద్యా గ్రంథాలయం అంటే దేశదేశాలకి తెలుసు. పదకొండు వేల తాటాకు కట్టలు. వాటిలో ముప్ఫై ఏడు బల్లిశాస్త్రాలు. ఎవరి మీద ఎక్కడ బల్లి పడితే ఏమవుతుందో చెప్పేవి. వాటిని అడిగిన స్కాలరు ఇంతవరకూ లేడు. "వాటిని చదివేది బల్లులే కామాక్షమ్మా" అని నవ్వేవాడు అటెండరు యేసోబు. అందరూ అడిగేది ఒక్కటే, యవనపథం. రెండు వేల ఏళ్ళ కిందట యవనుల ఓడలు ఏ చుక్కని పట్టుకుని మన తీరానికొచ్చేవో, ఏ రేవులో ఏం దించుకుని ఏం ఎక్కించుకునేవో పద్యాల్లో చెప్పిన పుస్తకం. లోకం మొత్తానికి దానికి ఒకటే ప్రతి. నాలుగు వందల ఏళ్ళది, అరవై నాలుగు ఆకులు. దాన్ని ఒక పల్లెలో అటక మీంచి దింపి తెచ్చిన అప్పటి డైరెక్టరు శేషయ్యగారి పటం హాల్లో నిలువెత్తున ఉంది. దానికి రోజూ దండ మారుతుంది. ఇప్పటి డైరెక్టరు ఉదయభాస్కరం ఆయన శిష్యుడు, పైగా అల్లుడు. ఆ ప్రతిలోని రాత ఏ కాలానిదో తేల్చి డాక్టరేటు తెచ్చుకున్నాడు.

కామాక్షి ఆ ఆకుల్ని కాపాడే మనిషి. దుమ్ము దులపడం, వానలు వెళ్ళాక నిమ్మగడ్డి నూనె పెట్టడం, వెలిసిపోయిన అక్షరాల్లోకి మసి పట్టించడం ఆమె పని. తండ్రి అక్కడే ప్రతులు రాసేవాడు. కామాక్షికి ఐదేళ్ళప్పుడు శేషయ్యగారు ఆయన్ని దొంగ అని వెళ్ళగొట్టారు. ఏం పోయిందో మాత్రం కాయితం మీద రాయలేదు. 'సంస్థకు నష్టం కలిగించు ప్రవర్తన' అని ఒక్క వాక్యం. ఆ తర్వాత మల్లాచారి తలుపులూ మంచాలూ చెక్కుకుంటూ బతికాడు. కూతురికి ఆకు పని నేర్పి, ఆమెకి ఇరవై రెండేళ్ళప్పుడు కన్నుమూశాడు. శేషయ్యగారు పోయాక ఆకుల పని తెలిసినవాళ్ళు లేక, ఆ దొంగ కూతుర్నే పిలిచి కూలి మీద పెట్టుకున్నారు. ఈ రోజుకీ ఏ కట్టయినా చోటు తప్పితే, అందరి కళ్ళూ ముందు వెళ్ళేది కామాక్షి చేతిసంచి మీదికి.

భౌతికశాస్త్ర విభాగం నుంచి వచ్చిన డాక్టర్ నస్రీన్ తను చేసిన ఆ పెట్టెకి 'నాదదర్శిని' అని పేరు పెట్టింది. యేసోబు దాన్ని చెవిపెట్టె అనేవాడు. ఆ పెట్టెకి అసలు ప్రాణం పోసింది కామాక్షే. మూడు నెలల కిందట నస్రీన్ ఆమెని ఒక ఖాళీ ఆకు మీద రాసి చూపించమంది.

"గంటం కదలదండీ. కదిలేది ఆకు" అంది కామాక్షి. ఎడమచేతి బొటనవేలి గోటికి చిన్న గాటు ఉంది. గంటం మొన ఆ గాటుకి ఆనించి, వేలితో ఆకుని కొంచెం కొంచెం జరుపుతూ, పద్యాన్ని సాగదీసి పైకి చదువుతూ చెక్కింది. నస్రీన్ ఆ బొటనవేలి మీద తన వేలు పెట్టి చూసింది. కామాక్షి గొంతు వేలిలో జుమ్మంటోంది.

"మీ గుండెల్లోంచి వచ్చే అదురు వేల్లోకి, వేల్లోంచి గంటంలోకి దిగుతోందండీ! అంటే గాడి అడుగున మీ గొంతు ఉన్నట్టే!"

అదే ఆ పెట్టె చేసే పని. సన్నటి కాంతి గాడి అడుగున పాకుతూ, వెంట్రుకలో వెయ్యోవంతు ఎగుడు దిగుడుల్ని తడిమి వాటిని మాటగా మారుస్తుంది. ఒకే ఒక్క చిక్కుంది. ఆ కాంతి వేడికి గాడి అడుగు నున్నబడిపోతుంది. అక్షరం చెక్కుచెదరదు గాని అందులోని గొంతు పోతుంది. ఏ ఆకుకైనా ఒక్కసారే నోరు. ఆ తర్వాత ఆ మాట పెట్టెలోనే ఉండాలి. ఇంకో షరతు, గాడిలో మసీ నూనే ఉండకూడదు. కామాక్షి స్పిరిట్‌లో తడిపిన దూదితో ఆకుని కడిగి, ఒక రాత్రి ఆరనిచ్చి ఇవ్వాలి.

సోమవారం నాటికి యవనపథంలో పది ఆకులు విన్నారు. ఎవరో మనిషి, ముక్కుతో కొంచెం సాగదీస్తూ పద్యాలు చదువుతున్నాడు. ప్రతి పద్యానికీ ముందు "ఊఁ" అని గొంతు సవరించుకుంటాడు. మొదటి ఆకునాడే ఆ "ఊఁ" దగ్గర కామాక్షి చేతిలోని దూది జారింది. రాతగాళ్ళంతా నాన్నలాగే చదివేవాళ్ళు కాబోలు అని మనసుకి నచ్చజెప్పుకుంది. మనసు ఒప్పుకోలేదు గాని నోరు మూసుకుంది.

పదకొండో ఆకులో ఆ మనిషి పద్యం మధ్యలో ఆగాడు. గంటం మాత్రం ఆగలేదు.

"ఒసే ఉడతా, ఆ మసిగిన్నె జోలికి పోకు. తల్లో పోసుకున్నావంటే మీ అమ్మ నన్ను బతకనివ్వదు!"

నస్రీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోనులో మాట్లాడుతూ ఉన్న భాస్కరాన్ని పిలుచుకొస్తే, ఆయన సగం విని, చప్పట్లు కొట్టి, టీవీవాళ్ళకి ఫోను చేశాడు. నాలుగు వందల ఏళ్ళనాటి తండ్రి, ఎన్నడో మట్టిలో కలిసిపోయిన కూతురు! ఇంతకంటే ఏం కావాలి?

కామాక్షి చెయ్యి దానంతటదే తల మీదికి పోయింది. నాలుగేళ్ళ వయసులో మసిగిన్నె నెత్తిన బోర్లించుకుంటే వాళ్ళమ్మ గుండు చేయించింది. జుట్టు మళ్ళీ ఎదిగేదాకా వీధంతా పిల్లని గుండుడతా అని పిలిచింది.

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి తల్లి వరాలమ్మ టీవీకి వీపు పెట్టి, కత్తిపీట మీద గోరుచిక్కుళ్ళు కోస్తోంది. వార్తల్లో ఆ మాట వచ్చింది. ఒసే ఉడతా, ఆ మసిగిన్నె జోలికి పోకు...

వరాలమ్మ తల తిప్పలేదు. "మీ నాన్న ఎవర్నే తిడుతున్నాడు?" అంది.

కామాక్షి గుమ్మంలోనే నిలబడిపోయింది. వరాలమ్మ చేతిలో చిక్కుడు సగం తెగి ఆగింది. మెల్లగా టీవీ వైపు తిరిగింది.

"అది నాలుగు వందల ఏళ్ళ కిందటి మనిషంటమ్మా."

"ఇరవై ఆరేళ్ళు కాపరం చేశానే. నా మొగుడి గొంతు నాకు తెలీదూ? నాలుగు వందల ఏళ్ళంట, వాళ్ళ మొహం! ఆయన గొంతు ఆ డబ్బాలోకి ఎట్టా వచ్చింది?"

కామాక్షి చెప్పింది. చెబుతున్నకొద్దీ అనుమానం పిండిలో పురుగులా బయటికి పాకింది. బీరువాలో ఉన్న యవనపథం నాన్న రాసిందైతే, నాలుగు వందల ఏళ్ళనాటిది ఏమైంది? నాన్న తీశాడా? తీసి, దాని చోట తను రాసింది పెట్టాడా?

"పోయిన వస్తువేదో చెప్పకుండా దొంగని చేశారు" అంది వరాలమ్మ, చిక్కుళ్ళు పక్కకి నెట్టి. "నేను ఎన్నిసార్లు అడిగానో. 'నేను తప్పు చెయ్యలేదే, అంతకంటే అడక్కు' అనేవాడు. గుక్కెడు నూనె కూడా ఇంటికి తెచ్చిన మనిషి కాదు." ఆ మాట గట్టిగానే అంది. అన్న తర్వాత కూతురి మొహంలోకి మాత్రం చూడలేదు. కామాక్షి అది గమనించింది.

మర్నాడు భాస్కరం తొమ్మిది కొట్టకముందే వచ్చాడు. నిన్నటి ఉషారు లేదు. కళ్ళ కింద నీలం.

"కామాక్షమ్మా, యవనపథంలో మిగతా ఆకులకి ఈ రోజే నూనె పెట్టి మసి పట్టించెయ్యండి. ఎల్లుండి ప్రభుత్వం తరఫున పెద్దలొస్తున్నారు. అక్షరాలు నల్లగా కనపడాలి."

"చైత్రంలోనా సార్? నూనె పెట్టేది వానలు వెళ్ళాక గదా. వినడం సగంలో ఉంది. మసి పడితే ఇంకేం వినపడుతుంది?"

"పదకొండు విన్నాం, చాలు. ఆకులు పాడవుతాయని నా భయం." ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి తుడవక్కర్లేకుండానే శుభ్రంగా ఉన్నాయి. "మీ నాన్నగారు... పద్యం బాగా చదివేవారు కదూ? నేను ఎమ్మే చదివేటప్పుడు వినేవాణ్ణి."

"మీకు గుర్తుందా సార్?"

"లేదు. అంత గుర్తు లేదు" అన్నాడు చటుక్కున.

పాము తోక కనపడ్డాక తల ఏ పొదలో ఉందో వెతకడం పెద్ద పని కాదు. ఆయనకీ తెలిసిపోయింది. నిన్న రాత్రి తీరిగ్గా విని ఉంటాడు. ఆ గొంతు మల్లాచారిదని తెలిసిన మనిషి, మిగతా ఆకుల నోట్లో మసి కొట్టమంటున్నాడు. ఎందుకు? కామాక్షి తల వంచి, పని మనుషులు పెద్దల ముందు పలికే గొంతుతో, "అట్టాగే సార్. ముందు పాత మసి కడగాలి గదా. కడిగి ఒక రాత్రి ఆరబెడితే గాని కొత్త నూనె పట్టదు. రేపు పదింటికల్లా మసి పట్టిస్తాను" అంది.

ఆకుల గురించి నాలుగు పుస్తకాలు రాసిన ఆ పెద్దమనిషి జీవితంలో ఒక్క ఆకునీ కడిగినవాడు కాదు. సరేనని కుర్చీ వేయించుకుని ఎదురుగానే కూర్చున్నాడు. కామాక్షి ఆయన కళ్ళ ముందే యాభై మూడు ఆకుల్నీ దూదితో కడిగి తీగ మీద ఆరేసింది. మసి కొట్టడానికి అలా కడగనక్కర్లేదు. చెవిపెట్టెకి ఇవ్వడానికైతేనే కడగాలి. ఆ సంగతి చూస్తూ కూర్చున్న డైరెక్టరుకి తెలియలేదు. సాయంత్రం ఆయనే ఆకులున్న గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళాడు. రెండో తాళంచెవి ఎప్పుడూ యేసోబు మొలతాడుకి ఉంటుందని కూడా ఆయనకి తెలియదు.

ఇక మిగిలింది నస్రీన్. ఆమె ఎటువైపో కామాక్షికి తెలీదు. పెట్టెకి అనుమతి ఇచ్చింది భాస్కరమే, వద్దంటే రేపే మూట కట్టాలి. బస్టాపు దగ్గర ఆమెని ఆపి, అటూ ఇటూ చూసి, "ఒక్కటే అడుగుతాను మేడం. గాడి చూస్తే ఎంత పాతదో మీ పెట్టెకి తెలుస్తుందా?" అంది.

నస్రీన్ ఒక అడుగు వెనక్కి వేసింది. "మీరెందుకు అడుగుతున్నారు? డైరెక్టరుగారు అడిగించారా?"

"ఆయనకి తెలిస్తే నన్ను రేపు గేటు దాటనివ్వడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు కొలుచుకున్నారు. ఆఖరికి నస్రీనే దిగొచ్చింది. "ఆకు పాతదే. పరీక్ష చేయించాను. గాడి అంచులు మాత్రం నిన్న మొన్న చెక్కినట్టు వాడిగా ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ళు మసి రుద్దితే అరిగిపోవాలి కదా! మొదటి రోజే చూశాను. చెబితే నా పని ఆగిపోతుందని చెప్పలేదు. నాకు నా మీదే అసహ్యంగా ఉంది కామాక్షిగారూ."

"పాత కట్టల చివర ఖాళీ ఆకులుంటాయి మేడం, అడ్డాకులంటాం. వాటి మీద రాస్తే ఆకు పాతది, రాత కొత్తది" అంది కామాక్షి. ఆ తర్వాత ఆ రాత ఎవరిదో చెప్పింది.

బుధవారం ఏడున్నరకి యేసోబు గది తెరిచి, మెట్ల మీద చీపురు పట్టుకుని కాపలా కూర్చున్నాడు. ఒక్కో ఆకుకి గంట పడుతుంది. భాస్కరం తొమ్మిదికొస్తాడు. ఒక్క ఆకుకే వ్యవధి.

"ఏది పెట్టమంటారు?" అంది నస్రీన్.

"ఆఖరిది. రాతగాడు తన పేరూ ఊరూ చెప్పుకుని, తప్పులుంటే మన్నించమని అడిగేది ఆఖరి ఆకులోనే. నాన్న ఏదన్నా చెప్పుంటే అక్కడే చెప్పుంటాడు." కామాక్షి ఆ ఆకుని తీగ మీంచి దింపింది. లోపల ఉన్నది దొంగ మాటైతే? విన్నాక వినలేదని అనుకోవడానికి కుదరదు. ఇన్నాళ్ళూ అనుమానం నీడలో బతికింది గాని ఆ నీడలో కూడా కాస్త చల్లదనం ఉంది. 'కాదేమో' అనుకోవడానికి చోటుంది. ఈ గంట గడిస్తే ఆ చోటు కూడా ఉండదు.

అరవై నాలుగో ఆకు పెట్టెలోకి వెళ్ళింది. తెర మీద అక్షరాలు నడుస్తున్నాయి. ఓడ రేవు చేరడం గురించి చివరి పద్యం, ఆ కింద ఏ కాలానికో చెందిన లింగన అనే రాతగాడి పేరు. నస్రీన్ కనుబొమలు ముడిపడ్డాయి.

"అక్షరాలకీ మాటకీ పొంతన లేదు. చెక్కింది పద్యం. పలికింది పద్యం కాదు."

"ఊఁ" అంది పెట్టె.

"ఆకమ్మా, నీ దగ్గర అబద్ధం ఆడకూడదంటారు. అరవై మూడు ఆకులకీ పద్యం చదివి వినిపించాను. ఈ ఒక్కదానికి నా మాట చెప్పుకుంటాను, కట్టుబాటు తప్పినందుకు మన్నించు. నీ మీద ఉన్నది యవనపథమే, నువ్వు మాత్రం యవనపథానివి కావు. అసలుదాన్ని ఇనప్పెట్టెలో దాచి, చూపించడానికి ప్రతి రాయమన్నారు శేషయ్యగారు. పాత అడ్డాకుల మీదే రాయమన్నారు. మూడుసార్లు కారులో ఒక దొర వచ్చి అసలుదాన్ని కొలిచి పోయాడు. దాచే వస్తువుని ఇంకొకడు కొలవడమేంటి? అందుకని నేను ఒకటి రాయమంటే రెండు రాశాను..."

గుమ్మంలో నీడ పడింది. యేసోబు దగ్గు వినపడింది గాని ఆలస్యంగా వినపడింది. భాస్కరం ఈ రోజు ఎనిమిదిన్నరకే వచ్చాడు.

"ఆపండి" అన్నాడు. ఆయన చెయ్యి స్విచ్చు మీదికి వెళ్ళింది.

నస్రీన్ అడ్డంగా నిలబడింది. "మధ్యలో ఆపితే ఇంక ఎప్పటికీ రాదు సార్. గాడి నున్నబడిపోతుంది."

"కామాక్షమ్మా, మీ మంచికే చెబుతున్నాను. ఇది బయటికొస్తే మీ నాన్న ఏమవుతాడు? పాత ఆకుల మీద పాతరాత రాసి లోకాన్ని మోసం చేసినవాడవుతాడు. ఇప్పుడైతే ఊళ్ళో నలుగురు దొంగంటారు. రేపు నాలుగు దేశాలు అంటాయి."

ఆ మాటలో నిజం లేకపోలేదు. పెట్టె ఎవరి కోసమూ ఆగలేదు.

"...రేపు అసలుదని అయ్యగారి చేతిలో పెట్టేది నీ తోబుట్టువుని. దొర ఓడెక్కించేది కూడా నా రాతే. అసలుది ఈ గడప దాటదు. బల్లిశాస్త్రం పందొమ్మిదో కట్టలో పెట్టాను. దాన్నెవరూ అడగరు, నెత్తిన బల్లి పడ్డవాడు కూడా అడగడు. సంగతి బయటపడితే నన్ను దొంగంటారు. అననీ. చోటు చెబితే మళ్ళీ అమ్ముతారు. ఇంట్లో చెబితే ఆడది, ఏడుపులో ఎక్కడన్నా అనేస్తుంది. అందుకని నీతో చెబుతున్నాను. నువ్వు విన్నావు. చాలు."

భాస్కరం యేసోబు స్టూలు మీద కూలబడ్డాడు. ఆ స్టూలు మీద ఆయన కూర్చోవడం అదే మొదలు.

"కొనుక్కున్నవాళ్ళు ఏడాది తిరక్కుండా నకలని తిప్పి పంపారు" అన్నాడు ఎవరికీ కాకుండా. "ఏం పోయిందో మామగారు ఎలా చెబుతారు? చెబితే అసలుదాన్ని బీరువాలోంచి ఎందుకు తీశారని అడుగుతారు. మల్లాచారిని పంపించిన కాయితం మీద ఒక విద్యార్థి సాక్షి సంతకం కావాలన్నారు. చేశాను. దేనికని అడగలేదు. బీరువాలో ఉన్నది అసలుదే అనుకున్నాను. అనుకోవాలనే అనుకున్నాను. దాని మీదే నా డాక్టరేటు." తలెత్తాడు. "ఆ కట్టలో ఏమీ ఉండదు. నలభై ఏళ్ళలో చెదలు తినేసుంటాయి."

యేసోబు నిచ్చెన తెచ్చాడు. పై అరలో, దుమ్ములో, ఇన్నేళ్ళలో కామాక్షి నూనె వంతు ఇంకా రాని ముప్ఫై ఏడు కట్టలు. పందొమ్మిదోదాన్ని కదపగానే అక్కడున్న బల్లి ఒకటి ఉలిక్కిపడి, కింద నిలబడ్డ భాస్కరం కుడి భుజం మీద పడి పారిపోయింది.

"సార్, కుడి భుజం" అన్నాడు యేసోబు వినయంగా. "ఫలితం చూడమంటారా? చేతిలోనే ఉంది."

కామాక్షి బల్ల మీద తాడు విప్పి, చెక్క పలక తీసింది. మొదటి ఆకు, శిరస్సు మీద పడిన... రెండోది, నుదుటి మీద... మూడు, నాలుగు, ఐదు. భాస్కరం చిన్నగా నవ్వాడు. పది ఆకులూ బల్లిశాస్త్రమే. పదకొండోది తిప్పగానే ఆమె వేళ్ళు ఆగాయి. కళ్ళకంటే ముందు వేళ్ళకి తెలిసింది. గాడి అంచులు అరిగి, ఏటి గులకరాయిలా మెత్తగా తగిలాయి. పాత మసి గోధుమ రంగుకి దిగింది. యవనుల ఓడ, తొలి చుక్క, తొలి పద్యం. అరవై నాలుగు ఆకులూ ఉన్నాయి. ఒక్క చెదపురుగు కూడా ముట్టలేదు. ప్రతి పది ఆకులకీ మధ్య ఒక వేపాకు, పొడిపొడిగా. నలభై ఏళ్ళ కిందట ఎవరో ఓపిగ్గా పెట్టినవి.

శేషయ్యగారి పటానికి ఆ రోజునుంచి దండ మారలేదు. తియ్యమని ఎవరూ అనలేదు, వెయ్యమనీ అనలేదు. యేసోబు మానేశాడంతే. భాస్కరం సెలవు పెట్టి మళ్ళీ రాలేదు. పత్రికలు మొదట 'నాలుగు వందల ఏళ్ళ తండ్రి' అన్నాయి, తర్వాత 'నకిలీ తండ్రి' అన్నాయి, ఆ తర్వాత నిజం రాశాయి. నిజం రాసేనాటికి చదివేవాళ్ళు సగమయ్యారు. దొంగ కాదు గాని దొంగరాతగాడే గదా అని ఊళ్ళో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అసలు యవనపథాన్ని కూడా వినిపించమని పైనుంచి ఉత్తరాలొచ్చాయి. నస్రీన్ ఒప్పుకోలేదు. "గాడిని చంపకుండా వినడం చేతనైన రోజున వింటాను. ఆ లింగన గొంతు తియ్యడానికి నేనెవర్ని?" అంది.

తండ్రి మాటని కామాక్షి ఫోనులో ఇంటికి తెచ్చి తల్లికి వినిపించింది. వరాలమ్మ మొత్తం విని, "ఇంకోసారి" అంది. రెండోసారి విన్నాక ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"ఆడది ఏడుపులో అనేస్తుందంట! ఆకుతో చెప్పుకున్నాడు గాని నాతో ఒక్క ముక్క అనలేదు చూశావా? నేను తాటాకు పాటి చెయ్యలేదా?"

"ఆకు బయటికి చెప్పదనుకున్నాడమ్మా."

"మరి చెప్పిందిగా!" కొంగుతో మొహం రుద్దుకుంది. "ఇప్పుడు ఆ ఆకులో ఇంక ఆయన లేడా?"

"లేడమ్మా. నున్నగా అయిపోయింది."

"పోన్లే. నలభై ఏళ్ళు మోసింది. దాని బరువు దిగింది." గోడ వైపు తిరిగి అంది, "ఆయన పోయిన పదకొండో రోజు, మీరంతా భోజనాల దగ్గరుంటే, నేను ఆయన పనిముట్ల పెట్టె వెతికానే. అడుగు చెక్క ఊడదీసి మరీ చూశాను. ఎక్కడన్నా ఆ ఆకులున్నాయేమోనని. నేనూ దొంగే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు."

అలాంటి పెట్టె కామాక్షి మనసులోనూ ఒకటుంది. దాని అడుగు చెక్క ఎన్నిసార్లు ఊడదీసిందో తనకే తెలుసు.

ఆశ్వయుజంలో వానలు వెళ్ళాక, నూనెలు పెట్టే రోజులొచ్చాయి. తండ్రి రాసిన ప్రతిలో పన్నెండు నుంచి అరవై మూడు దాకా ఎవరూ వినని ఆకులు యాభై రెండున్నాయి. వాటిలో ఇంకెన్నిసార్లు ఉడతని కేకేశాడో! కామాక్షి వాటికి నూనె గాని మసి గాని పెట్టలేదు. పొడి గుడ్డలో చుట్టి, మధ్య మధ్య వేపాకు పెట్టింది. ఆ కట్ట చివర ఒక ఆకు తక్కువైందని ఆమెకి అనిపించింది. రాసినవాడి పేరున్న ఆకు. దాన్ని రాసి చేర్చడానికి కొత్త డైరెక్టరు అనుమతి ఇచ్చాడు.

ఆ రోజు వరాలమ్మ కూడా వెంట వచ్చింది. నలభై ఏళ్ళలో ఆ గుట్ట ఎక్కడం అదే మొదలు. కూతురు గంటం మొన గోటి గాటుకి ఆనించగానే, ఆమె వంగి చెవిలో అంది, "నేను పెట్టె వెతికిన సంగతి కూడా చెప్పు దానికి. నా నోటితో చెబితే ఎక్కదంటగా."

కామాక్షి తలూపింది. ఎడమచేతి వేలు ఆకుని మెల్లగా జరిపింది. ఆకు మీద పడిన అక్షరాలు ఇవి: ఈ ప్రతి వ్రాసినది పొన్నాడ మల్లాచారి. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

రాస్తున్నంతసేపూ ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. అది మాత్రం ఆ అక్షరాల్లో ఉన్న మాట కాదు. పక్కనే ఉన్న నస్రీన్ వినకూడదని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. వరాలమ్మ కళ్ళు మూసుకుంది.

ఏం చెప్పిందో ఆకు విన్నది.